పదిలో ఒకటి

నవంబర్ 2, ఆదివారం

ఈ రోజు సండేస్కూల్లో పిల్లలకు మూడు డబ్బాల పాఠం చెప్పాను. మూతలకు కత్తితో చీలిక పెట్టిన మూడు ప్లాస్టిక్ డబ్బాలు ఇంటి నుంచే పట్టుకుపోయాను. ఒకటి దేవునిది, ఒకటి దాచేది, ఒకటి ఖర్చుది. పది రూపాయి బిళ్ళలు చాప మీద పరిచి, అన్నిటికంటే ముందు ఒక బిళ్ళ దేవుని డబ్బాలో వేయించాను. తర్వాతే మిగతా రెండూ.

"ఖర్చు పెట్టగా మిగిలింది కాదు, మొదటిది ఇవ్వాలి" అని పిల్లలందరితో అనిపించాను.

ఒక పిల్లవాడు లేచి, "టీచరమ్మా, మా నాన్న కాడ బిళ్ళలుండవు. పైసలన్నీ ఫోన్లనే ఉంటయి. ఫోనుకు చీలిక యాడ పెట్టాలె?" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆరేళ్ళ ప్రశాంతి మాత్రం నవ్వలేదు. "పదిట్ల ఒక్కటే ఇస్తే దేవునికి సరిపోతదా?" అని అడిగింది.

"దేవునికి ఎంత అన్నది కాదమ్మా, ముందుగా ఇచ్చే మనసు కావాలి" అన్నాను. తడుముకోకుండా వచ్చింది జవాబు. ఇంటికి నడిచి వస్తూ దాన్ని తలుచుకుని కొంచెం సంతోషపడ్డాను కూడా.

నా మనవరాలు తార ముందు వరసలో కూర్చుని, ఇదంతా తనకు ఎప్పుడో వచ్చన్నట్టు ముఖం పెట్టింది. ఆ డబ్బాలు దానివే మరి. ఏడాదిగా ప్రతి ఆదివారం నా కుట్టు డబ్బుల్లో నుంచి దానికి పది రూపాయలిస్తున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల, ఒక్కసారి కూడా దేవుని బిళ్ళ మరిచిపోలేదు. దాచే డబ్బా సైకిల్ కోసం.

ఆరాధన అయ్యాక చూస్తే అల్లుడు సంపత్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నా కూతురు కృపారాణి జ్వరంతో పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి తార నా దగ్గరే. అతను మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని చేస్తూ, నెలకోసారి బిడ్డను చూసి పోతూనే ఉన్నాడు. ఉన్న మాట చెప్పాలి. పోయిన ఏడాది కవితను చేసుకున్నాడు. అదీ తప్పనలేను.

"అత్తమ్మా, జనవరి నుంచి తారను తీస్కపోత. బడి సారుతోని మాట్లాడిన. మా మిల్లు పక్కనే ఉంటది బడి."

"కోతకాలపు పండుగ కానీ అయ్యా."

"పండుగ గీ నెలలనే గదా. క్రిస్మస్ గూడ మీతోనే చేస్కోనీ. గా తర్వాతనే."

నేను సరే అనలేదు. కాదనీ అనలేదు. నా గొంతు ఎప్పుడూ అంతే.

నవంబర్ 3, సోమవారం

తార పోదు. అడగకుండానే నాకు తెలుసు. నా చెయ్యి మీద లేకపోతే దానికి నిద్ర రాదు.

నవంబర్ 8, శనివారం

కాశీరాం కొట్టుకు తారను తీసుకుపోయాను. దాని ఖర్చు డబ్బా డబ్బులు దాని చేతిలోనే.

"కొనేముందు మనల్ని మనం ఏం అడగాలి?" అన్నాను.

"లేకుంటే నడవదా, ఉంటే బాగుంటదా?"

చాలాసేపు చూసి, లోపల ప్లాస్టిక్ ఉంగరం పెట్టిన చిప్స్ ప్యాకెట్ పట్టుకుంది. "అమ్మమ్మా, ఉంగరం లేకుంటే నడవదు."

"ఇంటి నుంచి ఇందాక నడిచే వచ్చావు గదా."

మూతి ముడుచుకుని దాన్ని పెట్టేసి రబ్బరు కొనుక్కుంది. అంతటితో ఊరుకుందా? పక్కన సిగరెట్ అడుగుతున్న పెద్దమనిషిని, "తాతా, అది లేకుంటే నడవదా?" అని అడిగింది. ఆయన ముందు ఉలిక్కిపడి, తర్వాత సిగ్గుపడి, పల్లీపట్టీ కొనుక్కుని పోయాడు.

కాశీరాం రెండు చేతులూ జోడించాడు. "శాంతమ్మా, నీ మనవరాలిని రోజు గిట్ల తోలుకరాకు తల్లీ. నేను షట్టర్ గుంజుకొని ఊరు పట్టుకపోవాలె."

వచ్చేటప్పుడు దారిలో తార, "మిర్యాలగూడ బస్సుకు ఎన్ని పైసలైతయి?" అని అడిగింది.

"ఆడవాళ్ళకు జీరో టికెట్ కదమ్మా. ఆధార్ చూపిస్తే చాలు."

"అయితే దానికి దాచే పనే లేదు" అంది.

ఎందుకడిగావని నేను అడగలేదు. సైకిల్ ఏ రంగుది కొందామని అడిగాను.

నవంబర్ 11, మంగళవారం

పూటపూటా అన్నానికి బియ్యం పోసేముందు, అందులో నుంచి పిడికెడు తీసి చర్చి డబ్బాలో వేస్తాం. మా అమ్మ నేర్పిన అలవాటు. నెలకోసారి ఆ బియ్యం చర్చికి చేరుస్తాం. తార వచ్చినప్పటి నుంచి ఆ పిడికిలి దానిది. పోయిన నెల పాస్టరమ్మగారు డబ్బా ఎత్తి చూసి, "మీ ఇంటి బియ్యం తగ్గినయేంది శాంతమ్మా?" అని నవ్వారు. పిడికిలి చిన్నదండీ అన్నాను.

మా ఇంటాయన ఈ రోజు మేళ్ళచెరువు నుంచి లారీలో తెచ్చిన సిమెంట్ లోడు దింపి పెందరాళే వచ్చాడు. అన్నం దగ్గర మొదలుపెట్టాడు.

"పిల్లకు తండ్రున్నడు. తాగడు, తిరగడు. ఇంక నువ్వు దాన్ని డబ్బాల ఏసి మూత పెడతానంటే ఎట్లనే?"

"నేనేం మూత పెట్టాను?"

"లే లే, చీలిక పెట్టినవ్. పైసలేసేటందుకు."

తార కిసుక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను లేచి నీళ్ళకు పోయాను.

నవంబర్ 15, శనివారం

సూర్యాపేట పోయి వచ్చాం.

కవిత కడుపుతో ఉంది. అక్కడి దవాఖానలో చూపించుకోవడానికని తల్లిగారింట్లో నాలుగు రోజులుంది. కాన్పు మాత్రం మిర్యాలగూడలోనేనట, వాళ్ళమ్మ వచ్చి ఉంటుందట. తారను ఒకసారి తీసుకురమ్మని సంపత్ ఫోన్ చేశాడు. తార దాచే డబ్బా కవర్లో పెట్టుకుని బయల్దేరింది. సూర్యాపేటలో దుకాణాలు పెద్దవి, సైకిళ్ళు చూడటానికే అనుకున్నాను. నాకూ ఉషారే వచ్చింది. సైకిల్ కొంటే మన వీధిలోనే తొక్కుతుంది కదా.

బస్సులో కండక్టరు రెండు జీరో టికెట్లు చింపి ఇచ్చాడు. "పారేయకు బిడ్డా, చెకింగోళ్ళు ఎక్కుతరు" అన్నాడు.

"మన టికెట్ పైసలు ఎవరిచ్చిన్రు?" అని నన్నడిగింది తార.

"ప్రభుత్వం ఇస్తుంది."

"మంచిగైంది. ఉత్తగ ఏదీ రాదన్నవు గదా, అందుకే అడిగిన."

కవిత నడుం పట్టుకుని లేచింది. "రా అమ్మా, గీడ కూసో, ఫ్యాను కింద." నన్ను అమ్మా అంటుంది. అనొద్దని ఎలా చెప్పను? తార చెప్పులు విడిచీ విడవకముందే పోయి కవిత కడుపుకు చెవి ఆనించింది.

"కవితమ్మా, ఇయ్యాల తన్నుతలేడు."

"నువ్వొస్తవని ఆగిండు. సూడు, ఇగ తంతడు."

తార ఆమెను అమ్మ అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో. ఫోన్లో మాట్లాడుకుంటారని తెలుసు. ఇంత దూరం వచ్చిందని తెలియదు.

బజార్లో సైకిళ్ళ దుకాణం ముందు నేను ఆగాను. తార ఆగలేదు. పక్కనే చిన్నపిల్లల బట్టల దుకాణంలోకి పోయి, ఉన్ని టోపీ, కాళ్ళకు మేజోళ్ళు అడిగింది. బల్ల మీద బిళ్ళల కుప్ప చూసి దుకాణామె, "ఏందమ్మా, హుండీ పగలగొట్టినవా?" అంది.

"పగలగొట్టలె. మూత తీసిన."

"సైకిలో?" అన్నాను.

"సైకిల్ ఉంటే బాగుంటది అమ్మమ్మా. కాని తమ్ముడు పుట్టేటాలకు సలి ఉంటది. టోపీ లేకుంటే నడవదు."

పాఠం సరిగ్గా అప్పజెప్పింది. తప్పు పట్టడానికి సందు లేదు. నేను నేర్పిందే.

వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద నిద్రపోయింది. టోపీ కవరు నా ఒళ్ళో ఉంది. మా కోదాడ వచ్చేదాకా దాన్ని పట్టుకునే ఉన్నాను.

నవంబర్ 16, ఆదివారం

తలనొప్పి అని చెప్పి సండేస్కూలుకు పోలేదు. తలనొప్పేమీ లేదు.

నవంబర్ 23, ఆదివారం

కోతకాలపు పండుగ. చర్చి స్తంభాలకు వరి కంకులు కట్టారు. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, గుడ్ల బుట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. తార బాత్రూం రేకుల మీదికి పాకించిన సొర తీగ మొదటి కాయ కాసింది. దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని పోయి అందరి ముందూ పెట్టింది.

ఆరాధన తర్వాత వేలంపాట. సంఘపెద్ద గోపాల్ గారు ఒక్కో వస్తువూ పైకెత్తి పాట పెడతారు. డబ్బు చర్చి పైకప్పుకు. ఎవరూ బజారు ధరకు పాడరు. అయిదు రూపాయల నిమ్మకాయను వందకు పాడి దేవునికిచ్చామనుకుంటాం. సంపత్ కూడా వచ్చాడు.

గోపాల్ గారు సొరకాయ ఎత్తారు. "ఇది మన తార తల్లి పండించింది. సూడున్రి, ఎంత నున్నగుందో, మా పాస్టరుగారి తల తీరు!" పాస్టరుగారు తల తడుముకుని నవ్వారు. అందరూ నవ్వారు.

సంపత్ వెనక నుంచి, "యాభై" అన్నాడు.

నేను, "వంద" అన్నాను.

"నూటాయాభై" అన్నాడు నవ్వుతూ. అత్త అల్లుళ్ళ వేడుక అనుకున్నాడు పాపం. అందరూ అలాగే అనుకున్నారు. నేను మూడు వందలన్నాను. అతను నాలుగు. నేను ఆరు. నా గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు. ఎనిమిది వందల దగ్గర నవ్వులు ఆగాయి. వెయ్యి అంటూ సంపత్ నా వైపు చూశాడు. నేను పన్నెండు వందలన్నాను.

"నువ్వే తీస్కో అత్తమ్మా" అన్నాడు మెల్లగా.

నా పక్కన తార నా కొంగు లాగింది. "అమ్మమ్మా, సొరకాయ లేకుంటే నడవదా? తీగకు ఇంకో మూడున్నయి."

పాస్టరుగారు లేచి, "శాంతమ్మ గారి విశ్వాసం చూడండి" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

ఆ డబ్బు తారకు క్రిస్మస్ గౌను బట్ట కొనడానికి పెట్టుకున్నది.

ప్రభువా, నీకిచ్చింది కాదు అది. నీకు తెలుసు.

నవంబర్ 24, సోమవారం

సొరకాయ వంటింటి గోడకు ఆనించి ఉంది. కోయబుద్ధి కాలేదు. "పన్నెండు వందల పప్పు ఎప్పుడు తినిపిస్తవే?" అన్నాడు మా ఇంటాయన. నా ముఖం చూసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నవంబర్ 28, శుక్రవారం

తారే కత్తిపీట తెచ్చి నా ముందు పెట్టింది.

"కొయ్యి అమ్మమ్మా. ఇది డబ్బాల దాచేటిది కాదు. దాస్తే కుళ్ళిపోతది."

కోశాను. లేతగానే ఉంది.

డిసెంబర్ 7, ఆదివారం

పోదు అనుకుంటున్నాను. టోపీ వేరు, పోవడం వేరు. టోపీ పంపిస్తే సరిపోతుంది.

డిసెంబర్ 14, ఆదివారం

కవిత తారకు గౌను కుట్టి సంపత్ చేతికి ఇచ్చి పంపింది. పసుపు రంగుది. కుట్లు తిప్పి చూశాను, లోపలి వైపు కూడా. ఇరవై ఏళ్ళుగా కుడుతున్నదాన్ని, ఎక్కడైనా ఒక లోపం దొరుకుతుందని చూశాను. దొరకలేదు. పిల్ల పెరుగుతుందని అంచు దగ్గర మూడు వేళ్ళ మడత కూడా వదిలింది. నేనైనా అలాగే వదిలేదాన్ని.

డిసెంబర్ 20, శనివారం

ఈ సాయంత్రం రాయాలి. రాయకపోతే రేపు వేరేలా గుర్తు పెట్టుకుంటాను.

నేను ఎవరిదో జాకెట్టుకు హుక్స్ కుడుతున్నాను. తార ఎదురుగా కూర్చుని దారం ఎక్కిస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మమ్మా, నన్ను నాన్న కాడికి పొమ్మంటవా, ఉండుమంటవా?"

"నీకేమనిపిస్తుంది తల్లీ?"

"నాకు ఇద్దరు కావాలె. గట్ల కాదట. తాతను అడిగితే, అమ్మమ్మను అడుగు అన్నడు."

 సూది గుచ్చుతూనే ఉన్నాను.

"అమ్మమ్మా, ఒకటి అడగనా? నిజం చెప్పాలె. నీకు నేను లేకుంటే నడవదా? ఉంటే బాగుంటదా?"

తల ఎత్తి చూశాను. కాశీరాం కొట్లో ఆ పెద్దమనిషిని అడిగిన ముఖమే, కానీ ఊపిరి బిగబట్టి ఉంది. నడవదు అంటే ఉండిపోతుంది. నాకు తెలుసు. ఏడవదు, మారాం చేయదు. ఆ ఉంగరం పెట్టేసినట్టే అన్నీ పెట్టేస్తుంది. తండ్రిని, కవిత కడుపులో తన్నే బిడ్డను. లేకుంటే నడవనిదే ముందు అని నేర్పింది నేనే. ఒక్క మాట చాలు. నాలుక చివర ఉంది.

"ఉంటే బాగుంటది బిడ్డా" అన్నాను.

దారం కొసను నోట్లో తడిపింది. "అయితే, లేకున్నా నడుస్తది."

"నడుస్తది."

"మోకాళ్ళ నొప్పి వస్తే?"

"తాత ఉన్నాడు గదా."

గట్టిగా ఊపిరి వదిలింది. దారం ఎక్కించిన సూది నా చేతికిచ్చి, తన సంచిలో టోపీ ఉందో లేదో చూసుకోవడానికి లోపలికి పరుగెత్తింది. ఎంత తేలికగా పరుగెత్తిందో.

జాకెట్టు హుక్స్ అన్నీ తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ కుట్టాలి.

డిసెంబర్ 25, గురువారం

పసుపు గౌను బాగుంది దానికి. అందరూ అన్నారు. నేనూ అన్నాను.

డిసెంబర్ 27, శనివారం

కోదాడ బస్టాండులో ఎక్కించి వచ్చాం. సంపత్ నా కాళ్ళకు దండం పెట్టబోయాడు, వద్దన్నాను. తార కిటికీ పక్కన మూడు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అమ్మమ్మా, బియ్యం డబ్బాల మరువకుండ వెయ్యి" అని కేకేసింది.

సంపత్ తన టికెట్ కొన్నాడు. దానికి జీరో టికెట్. దాన్ని తీసుకుపోవడానికి ఒక్క రూపాయి కూడా కాలేదు.

డిసెంబర్ 28, ఆదివారం

సండేస్కూలుకు పోయాను. పాఠం బాగానే జరిగింది.

జనవరి 6, మంగళవారం

ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. కొత్త బడి, అలసిపోతుంది. మొదట్లోనే మనం మధ్యలో దూరకూడదు. కవిత మంచిదే. అదీ ఒక బాధ.

ఇద్దరికే వండుతున్నాను. బియ్యం తగ్గాయి, పిడికిలి మాత్రం నాది. చర్చి డబ్బా తొందరగా నిండుతోంది. ఈ నెల పాస్టరమ్మగారు సంతోషిస్తారు. ఈ పూట పిడికిట్లో నుంచి కొన్ని గింజలు తిరిగి తపేలాలో పోశాను. దాని పిడికిలంత చేసి వేశాను.

జనవరి 11, ఆదివారం

తార ఫోన్ చేసింది. తండ్రి ఫోన్, స్పీకర్లో పెట్టినట్టుంది, వెనక మిల్లు చప్పుడు వినిపించింది.

"అమ్మమ్మా, తమ్ముడు ఇంక పుట్టలె. కవితమ్మకు నడుం నొప్పి. బళ్ళ నాకు ప్రమీల అని దోస్తు అయింది. నీ మోకాళ్ళు ఎట్లున్నయి?"

"బాగున్నాయి బిడ్డా."

"నేనొక పని చేసిన. నాన్నతోని మాట్లాడి ఒప్పించిన. ఆదివారాలున్నయి గదా, వాటిని డబ్బాలల్ల ఏసినట్టు పంచిన. పది ఆదివారాలల్ల నీకు ఒకటి. నాన్న తోలుకొస్తడు, మల్ల పొద్దుమీకి తీస్కపోతడు."

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"అమ్మమ్మా, ఇంటున్నవా? మొదటిదే నీది. మిగిలింది కాదు. వచ్చే ఆదివారమే వస్త. తర్వాత తొమ్మిది నాన్నయి. మల్ల మొదటిది నీది."

"మంచిగా చేశావు తల్లీ."

"తక్కువైందా?"

వెనక నుంచి సంపత్, "అత్తమ్మా, నేను రెండు అన్న. అదే వినలేదు. లెక్క తప్పుతదట" అన్నాడు. 

"తక్కువేం కాలేదు. నిండుగా ఉంది" అన్నాను.

"దేవునికిచ్చినట్టే ఇచ్చిన నీకు" అంది తార. గర్వంగా అంది. ఫోన్ పెట్టేసింది.

మా ఇంటాయన మంచం మీద నుంచి ఏమందని అడిగాడు. వచ్చే ఆదివారం వస్తుందట అన్నాను. తక్కినది చెప్పలేదు.

ముప్పై ఏళ్ళుగా పదిలో ఒకటి దేవుని డబ్బాలో వేసి, తల ఎత్తుకుని ఇంటికి వస్తున్నాను. మిగతా తొమ్మిదీ వేరేచోటికి పోతుంటే చూస్తూ దేవుడు నాలాగే అక్కడే కూర్చుని ఉంటాడని ఒక్కనాడూ అనుకోలేదు. ఈ రోజు మోకరించి ఏమీ అడగలేదు. అడగడానికి సిగ్గేసింది. ఊరికే ఆయన దగ్గర కూర్చున్నాను.

వచ్చే ఆదివారం తార ముందు వరసలో ఉంటుంది. ప్రశాంతి కూడా ఉంటుంది. ఆ పిల్ల అడిగినదానికి అప్పుడు మరీ తొందరపడి చెప్పాను. మళ్ళీ అడిగితే బాగుండు.

సరిపోదు బిడ్డా. అయినా తీసుకుంటాడు.